చేతినిండా సైన్యం ఉన్నా... సౌరాన్‌కి ఆ ఒక్కడంటే ఎందుకంత వణుకు?

మా రూమ్మేట్‌కి కోపమొస్తే సినిమా ఆపేస్తాడు. మొన్న శనివారం రాత్రి ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మూడో భాగం చూస్తుంటే అదే జరిగింది. నాకది ఎన్నోసారో లెక్క లేదు, వాడికి మాత్రం మొదటిసారి. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద మోర్డోర్ నల్లద్వారం ముందు ఆరగార్న్ గుర్రమెక్కి నిలబడ్డాడు. మావాడు టక్కున స్పేస్ బార్ కొట్టి, “ఒక్క విషయం చెప్పు మామా. ఆ టవర్ మీద కన్ను ఉందే, వాడికి బోలెడంత సైన్యం. వీళ్లేమో గుప్పెడు మంది. మరి వాడెందుకు టెన్షన్ పడుతున్నాడు? వీడు ఫలానా రాజుగారి వంశమనా?” అన్నాడు.

“అదే...” అని మొదలుపెట్టానో లేదో, “అంటే ఇక్కడా వారసుడేనా! వారసుడొచ్చాడు, అందరూ లేచి చప్పట్లు కొట్టండి. నాకొద్దు రా బాబూ ఈ కథ” అని ల్యాప్‌టాప్ మూసేశాడు.

వాడి బాధ నాకు తెలుసు. నాలుగేళ్లుగా అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తున్నాడు. వాడు రాసుకున్న కథ ఒక ప్రొడ్యూసర్‌కి నచ్చింది. తీరా డైరెక్షన్ మాత్రం ఆయనకి బాగా కావాల్సినవాళ్ల అబ్బాయి చేతికెళ్లింది. అది జరిగి నెల కూడా కాలేదు. అలాంటివాడి ముందు ‘సింహాసనానికి అసలైన హక్కుదారుడు’ అంటే మండదా మరి!

కానీ వాడు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ రాత్రి పుస్తకం మళ్లీ తీశాను. సౌరాన్ నిజంగా ఎందుకు భయపడ్డాడు? ఆ భయంలో ‘రక్తం’ వాటా ఎంత?

కథ తెలియనివాళ్లకి ముందు రెండు ముక్కలు. ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ఈ నవల 1954, 55 సంవత్సరాల్లో మూడు భాగాలుగా వచ్చింది. పీటర్ జాక్సన్ దాన్ని 2001 నుంచి 2003 వరకు మూడు సినిమాలుగా తీశాడు. చివరిదానికి 11 ఆస్కార్లు వచ్చాయి. సౌరాన్ ఇందులో విలన్. మనిషి కాదు, సృష్టి మొదటి నుంచీ ఉన్న ఒక శక్తి. తన బలంలో పెద్ద భాగాన్ని ఒక ఉంగరంలో పోసి పెట్టుకున్నాడు. ఆ ఉంగరం పోయింది. దాన్ని కరిగించి నాశనం చేయడానికి ఫ్రోడో, సామ్ అనే ఇద్దరు చిన్న హాబిట్లు మోర్డోర్‌లోకి నడిచి వెళ్తుంటారు. ఆరగార్న్ ఏమో అడవుల వెంట తిరిగే రేంజర్. మాసిన బట్టలు, బురద బూట్లు. కథ మొదలయ్యేనాటికి ఆయన వయసు 87. అవును, ఎనభై ఏడే! వాళ్ల వంశంలో ఆయుష్షు ఎక్కువ.

మూడు వేల ఏళ్ల నాటి గాయం

సౌరాన్ భయానికి మొదటి కారణం చాలా సింపుల్. ఆ ఇంటివాళ్ల చేతిలో ఒకసారి దెబ్బ తిన్నాడు. రెండో యుగం చివర్లో మనుషులూ ఎల్ఫ్‌లూ కలిసి ఆయన కోటని ఏడేళ్లు ముట్టడించారు. చివరికి ఆయనే బయటికి రావాల్సి వచ్చింది. ఎలెండిల్ అనే రాజు, గిల్-గలాద్ అనే ఎల్ఫ్ రాజు ఆయన్ని పడగొట్టి తామూ చనిపోయారు. ఎలెండిల్ కత్తి నార్సిల్ ఆయన కింద పడి విరిగింది. కొడుకు ఇసిల్డర్ ఆ విరిగిన కత్తి ముక్కతోనే సౌరాన్ వేలు నరికి ఉంగరం తీసుకున్నాడు. ఆ ఇసిల్డర్ వంశంలోవాడే ఆరగార్న్. పుస్తకంలో ఆయన ఆ కత్తి ముక్కల్ని వెంటబెట్టుకునే తిరుగుతుంటాడు. ప్రయాణం మొదలుకాకముందే దాన్ని మళ్లీ అతికించి ఆండూరిల్ అని పేరు పెడతారు. సినిమాలో ఆ సీన్‌ని మూడో భాగం దాకా దాచారు, ఎలివేషన్ కోసం. మనకి తెలియని టెక్నిక్ కాదులెండి.

ఆ వంశాన్ని తుడిచేయాలని సౌరాన్ మనుషులు వెతుకుతూనే ఉన్నారు. ఆరగార్న్‌కి రెండేళ్లప్పుడే తండ్రిని ఆర్క్‌లు చంపేశారు. పిల్లాణ్ని ఎల్రాండ్ తన ఇంట్లో ఎస్టెల్ అనే మారుపేరుతో పెంచాడు. ఎస్టెల్ అంటే ఆశ. ఇరవై ఏళ్లు వచ్చేదాకా తను ఎవరో ఆ అబ్బాయికే తెలియదు. ఇది చదవగానే మనకి రేపల్లె గుర్తొస్తుంది కదా. కంసుడు మధురలో కూర్చుని వణుకుతుంటే నందుడి ఇంట్లో వెన్న తింటూ పెరిగిన పిల్లాడు! కానీ ఒక తేడా ఉంది. కంసుడికి ఆకాశవాణి ముందే చెప్పింది, ఫలానా బిడ్డ చేతిలో నీ చావు అని. సౌరాన్‌కి ఆరగార్న్ గురించి అలాంటి జోస్యమేదీ లేదు. ఆయన భయం అంతా జ్ఞాపకంలోంచి వచ్చింది.

సరే, ఒకసారి ఓడించారు కాబట్టి భయపడుతున్నాడు అనుకుందాం. ఇక్కడే నాకు ఒక చిక్కు కనిపించింది. ఎలెండిల్ కంటే ముందు ఇంకో రాజు సౌరాన్‌ని ఓడించాడు. అదీ ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా. న్యూమెనోర్ అనే మహాద్వీపాన్ని ఏలిన అర్-ఫరజోన్. ప్రైమ్‌లో ‘ది రింగ్స్ ఆఫ్ పవర్’ సిరీస్ చూసినవాళ్లకి ఈ ఫరజోన్ తెలుసు. ఆయన ఓడల దండు చూసి సౌరాన్ సైన్యం మొత్తం పారిపోయింది. సౌరాన్ మోకాళ్ల మీద కూర్చుని లొంగిపోయాడు. బందీగా న్యూమెనోర్‌కి తీసుకెళ్లారు.

తర్వాత ఏమైంది? మూడేళ్లు తిరక్కుండానే బందీ కాస్తా రాజుగారికి అంతరంగిక సలహాదారు అయ్యాడు. చావు లేకుండా చేస్తానని ఆశ చూపించాడు. యాభై ఏడేళ్లకి ఆ ద్వీపమే సముద్రంలో మునిగిపోయింది. ఈ అర్-ఫరజోన్ సింహాసనం ఎలా సంపాదించాడో తెలుసా? అది మీరియెల్‌ది, పాత రాజు కూతురిది. ఆమెని ఇష్టం లేకుండా పెళ్లి చేసుకుని రాజ్యం లాక్కున్నాడు. అంటే సౌరాన్‌ని బలంతో గెలిచినవాడు ఒక దొంగ రాజు. అలాంటివాడితో ఎలా డీల్ చేయాలో సౌరాన్‌కి బాగా తెలుసు. వాడికేం కావాలో తనకీ అదే కావాలి మరి.

ఆ మునక నుంచి తొమ్మిది ఓడల్లో తప్పించుకుని బయటపడినవాడే ఎలెండిల్. సౌరాన్ మాటలకి, ఆశలకి లొంగని గుంపు నాయకుడు. ఇతనిది నేరుగా రాజుల వరస కూడా కాదు. ఎప్పుడో ఒక రాజుగారి పెద్ద కూతురికి, ఆడపిల్ల అని కిరీటం ఇవ్వలేదు. ఆమె సంతతి వీళ్లు. నా లెక్కలో సౌరాన్ అసలు భయం ఇక్కడ మొదలైంది. కొనగలిగిన రాజు ఆయనకి సమస్యే కాదు. కొనలేనివాడు వచ్చి, జనం వాడి వెనక నడిస్తేనే ఇబ్బంది.

రాయిలో కనిపించిన మొహం

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఘట్టానికి వద్దాం. పలంతీర్ అనే చూపు రాళ్లుంటాయి. ఒక రాయిలోంచి ఇంకో రాయి దగ్గరున్నవాళ్లని చూడొచ్చు, మనసుతో మాట్లాడొచ్చు. వీడియో కాల్ అనుకోండి, కాకపోతే అవతలివాడు మీ మెదడుని కూడా పిండేయగలడు. ఒకటి సౌరాన్ చేతికి చిక్కింది. మార్చి 5న పిప్పిన్ అనే హాబిట్ కుర్రాడు ఆగలేక ఇంకో రాయిలోకి తొంగి చూశాడు. సౌరాన్‌కి ఒక హాబిట్ మొహం కనిపించింది. ఉంగరం హాబిట్ దగ్గరుందని ఆయనకి ముందే తెలుసు. మర్నాడే అదే రాయిలో ఆరగార్న్ ప్రత్యక్షమయ్యాడు, రాజు వేషంలో. తన పేరు దాచలేదు. పైగా అతికించిన ఆ కత్తిని చూపించాడు.

సౌరాన్ స్థానంలో ఉండి ఆలోచించండి. నిన్న హాబిట్, ఇవాళ ఇసిల్డర్ వారసుడు, చేతిలో పాత కత్తి. ఇక ఉంగరం ఎవరి దగ్గరుంటుంది? ఆయనకి తట్టిన జవాబు ఒక్కటే. ఉంగరం వాడి చేతికొచ్చింది, వాడు దాన్ని తొడుక్కుని నా మీదికి వస్తున్నాడు. దాని మీద పట్టు రావడానికి వాడికి టైమ్ పడుతుంది, ఆలోగానే కొట్టేయాలి. అంతే, అన్నీ సిద్ధం కాకముందే యుద్ధం మొదలుపెట్టాడు. మార్చి 10న మోర్గుల్ లోయ నుంచి పెద్ద సైన్యం బయటికి కదిలింది. అదే లోయలో బండరాళ్ల మధ్య నక్కిన ఫ్రోడో, సామ్ ఆ సైన్యం తమని దాటి వెళ్లిపోవడం చూశారు. వాళ్లు లోపలికి పోవాల్సిన దారి అలా ఖాళీ అయింది.

సినిమా అభిమానులు నన్ను తిట్టుకోకండి గానీ, ఈ ఘట్టాన్ని సినిమాలో పాడుచేశారనే నా అభిప్రాయం. ఎక్స్‌టెండెడ్ వెర్షన్‌లో ఆరగార్న్ రాయి పట్టుకుని సవాల్ చేస్తాడు, కానీ సౌరాన్ అర్వెన్‌ని చూపించగానే వెనక్కి తగ్గుతాడు. మెడలో నగ కింద పడి పగులుతుంది. పుస్తకంలో సీను పూర్తిగా రివర్స్. ఆరగార్న్ అలసిపోతాడు గానీ, ఆ రాయిని సౌరాన్ అదుపు నుంచి లాగేసుకుంటాడు.

ఎలా లాగగలిగాడు? ఇక్కడ ‘హక్కు’ అనే మాట నిజంగా పనిచేస్తుంది. ఆ రాళ్లు ఎలెండిల్ తెచ్చినవి, కాబట్టి ఆరగార్న్‌వి. సారుమాన్ హక్కు లేకుండా వాడి సౌరాన్‌కి బానిస అయ్యాడు. గోండోర్ పాలకుడు డెనెథోర్‌కి రాజు తరఫున చూసే అధికారం ఉంది కాబట్టి లొంగలేదు, కానీ సౌరాన్ చూపించినవి చూసి చూసి నిరాశలో మునిగిపోయాడు. అసలు యజమాని మాత్రం రాయిని తన దారికి తిప్పుకున్నాడు. 1963లో ఒక పాఠకురాలి కోసం రాసిన లేఖ ముసాయిదాలో టోల్కీన్ ఈ సంగతి స్పష్టంగానే చెప్పాడు. ముఖాముఖి నిలబడితే ఏ మనిషీ, చివరికి ఆరగార్న్ కూడా, సౌరాన్‌కి దక్కకుండా ఉంగరాన్ని కాపాడుకోలేడట. రాయి విషయంలో మాత్రం ఆరగార్న్ హక్కున్న యజమాని, పైగా సౌరాన్ దూరంగా ఉన్నాడు. కాబట్టి కుదిరింది.

సినిమావాళ్లు కూడా ఒక దశలో ఈ తప్పు చేయబోయారు. నల్లద్వారం దగ్గర సౌరాన్ స్వయంగా దిగి ఆరగార్న్‌తో కత్తియుద్ధం చేసినట్టు షూట్ చేశారు కూడా. తర్వాత మనసు మార్చుకుని సౌరాన్ ఉన్నచోట కంప్యూటర్‌తో ఒక ట్రోల్‌ని పెట్టారు. మంచిపని చేశారు. లేకపోతే అంత భయమూ ‘వీడు ఫైట్ బాగా చేస్తాడు’ అనే దగ్గరికి దిగిపోయేది.

హక్కు ఇంకోచోట కూడా పనిచేస్తుంది. ఇసిల్డర్‌కి యుద్ధంలో సాయం చేస్తామని ప్రమాణం చేసి తప్పినవాళ్లు చచ్చినా విముక్తి లేక కొండ గుహల్లో దెయ్యాలుగా తిరుగుతుంటారు. మూడు వేల ఏళ్లు! వాళ్లు వినేది ఒక్క ఇసిల్డర్ వారసుడి మాటే. సౌరాన్ సైన్యం కొరడాకి భయపడి నడుస్తుంది. ఇటువైపు చచ్చినవాళ్లు కూడా మాట కోసం లేచి వస్తున్నారు. ‘బాహుబలి 2’లో భల్లాలదేవుడి పట్టాభిషేకం సీన్ గుర్తుందా? అమరేంద్ర బాహుబలి సేనాధిపతిగా ప్రమాణం చేస్తుంటే జనం కేకలకి మండపం అదిరిపోతుంది. కిరీటం తలమీదున్నవాడి మొహం ఒక్కసారి చూడండి. ఆ మొహమే ఇక్కడా.

వారసుడైతే చాలా?

మర్నాడు పొద్దున టీ తాగుతూ ఇదంతా మావాడికి చెప్పాను. వాడు విన్నాడు, కానీ పడలేదు. “అంతా రక్తం చుట్టూనే తిరుగుతోంది కదరా” అన్నాడు. నిజమే, ఆ మాట తీసిపారేయలేం. టోల్కీన్ లోకంలో రక్తానికి విలువ ఉంది. గొప్ప వంశం, ఎక్కువ ఆయుష్షు, ఎక్కువ శక్తి అని రాస్తూనే ఉంటాడు. కులం పేరుతో మనుషుల్ని కొలిచిన చోట పుట్టిపెరిగిన నాకు ఆ పేజీలు ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటాయి.

కానీ అనుబంధాల్లో ఒక లీగల్ కేసు ఉంది. ఇది చాలామంది చదవరు. ఆరగార్న్ కంటే వెయ్యేళ్ల ముందు గోండోర్ రాజు యుద్ధంలో చనిపోతే, ఉత్తర రాజ్యానికి చెందిన అర్వెదుయి నాకే ఆ సింహాసనం అని అడిగాడు. నేను ఇసిల్డర్ వంశం, నా భార్య చనిపోయిన రాజుగారి కూతురు అని వాదించాడు. గోండోర్ పెద్దలు కుదరదన్నారు. ఆ అర్వెదుయి వారసుడే మన ఆరగార్న్. అంటే రక్తం ఒక్కటే చూపిస్తే ఆ కేసు ఎప్పుడో కొట్టేశారన్నమాట!

మరి ఆరగార్న్ ఏం చేశాడు? యువకుడిగా ఉన్నప్పుడు పేరు మార్చుకుని రోహాన్‌లో, గోండోర్‌లో మామూలు సైనికాధికారిగా కొలువు చేశాడు. గోండోర్ తరఫున శత్రు ఓడల్ని తగలబెట్టి, మెచ్చుకునేలోపే కనపడకుండా పోయాడు. హాబిట్ల ఊరి సరిహద్దుల్ని ఏళ్ల తరబడి కాపలా కాశాడు. ఆ ఊళ్లవాళ్లు ఆయన్ని దేశదిమ్మరి కింద లెక్కేసి అనుమానంగా చూసేవాళ్లు.

మినాస్ తిరిత్ యుద్ధం గెలిచిన రోజు కోట తలుపులు తెరిచే ఉన్నాయి. రాజుని ఆపేవాడు లేడు. అయినా జెండా చుట్టేసి ఊరి బయట డేరా వేసుకున్నాడు. నేనిప్పుడు పిలవకుండా లోపలికెళ్తే గొడవలొస్తాయి, యుద్ధం ఇంకా అవ్వలేదు అన్నాడు. ఆ రాత్రి ముసుగేసుకుని ఊళ్లోకి వెళ్లింది ఒక్క పనికే, గాయపడినవాళ్ల దగ్గరికి. అథెలాస్ అనే ఆకు నలిపి వేడినీళ్లలో వేసి ఫారమిర్‌ని, ఎయోవిన్‌ని, మెర్రీని బతికించాడు. రాజు చేతిలో వైద్యం ఉంటుందని ఒక ముసలామె నోట పాత సామెత వస్తుంది. ఊళ్లో రాజొచ్చాడన్న పుకారు అలా పుట్టింది. కత్తి చూసి పుట్టలేదు. తర్వాత మే 1న పట్టాభిషేకం రోజు ఫారమిర్ జనాన్నే అడుగుతాడు, ఈయన రాజు కావాలా అని. వాళ్లు ఔనన్నాకే కిరీటం.

మావాడు టీ గ్లాసు పక్కన పెట్టి, “అయితే సౌరాన్‌కి ఇవన్నీ తెలుసా? వైద్యం, డేరా, ఇదంతా?” అన్నాడు.

తెలియదు. అసలు మలుపు అదే. సౌరాన్ సరైన మనిషికే భయపడ్డాడు, కానీ తప్పుడు కారణానికి. ఆయన దృష్టిలో రాజంటే తనలాంటివాడే, కాస్త తక్కువ స్థాయిలో. ఉంగరం చేతికొస్తే ఎవడైనా తొడుక్కుంటాడు. దాన్ని కరిగించేయాలని ఎవడో ఒకడు అనుకుంటాడన్న ఆలోచనే ఆయన బుర్రలో లేదు. ఇది గాండాల్ఫ్‌కి తెలుసు. అందుకే యుద్ధం తర్వాత చర్చలో ఆత్మహత్యలాంటి ప్లాన్ చెప్పాడు. మనం చిన్న సైన్యంతో నల్లద్వారం మీదికి వెళ్దాం, గెలవం. కానీ ఉంగరం చూసుకుని పొగరెక్కిన కొత్త రాజు తొందరపడి వస్తున్నాడని వాడు అనుకోవాలి. వాడి చూపు మన మీదే ఉండాలి.

మార్చి 18న ఏడు వేల మందితో బయల్దేరారు. దారిలో భయంతో కాళ్లాడని కుర్రాళ్లని ఆరగార్న్ తిట్టలేదు, వాళ్ల చేతనయ్యే వేరే పని అప్పగించి పంపేశాడు. ద్వారం దగ్గరికి చేరేసరికి ఆరు వేల లోపే మిగిలారు. అవతల పదింతలకి పైనే ఉన్నారు. సౌరాన్ దూత వచ్చి వెక్కిరిస్తే ఆరగార్న్ నోరు మెదపడు, వాడి కళ్లలోకి చూస్తాడంతే. చెంప మీద కొట్టినట్టు వాడు అదిరిపడతాడు. (సినిమాలో తల నరికేశారు. దూతని చంపే రాజు ఏం రాజు, చెప్పండి?) ఇంకోవైపు ఈ సైన్యాన్ని చితక్కొట్టాలని సౌరాన్ మోర్డోర్ లోపలి మైదానంలో డేరాలన్నీ ఖాళీ చేయించి ద్వారం దగ్గరికి పంపేశాడు. ఆ ఖాళీ అయిన మైదానంలో ఇద్దరు హాబిట్లు పాక్కుంటూ కొండెక్కారు. ఉంగరం కొండ లోపల ఉందని సౌరాన్‌కి తెలిసిన క్షణం మార్చి 25న వచ్చింది. అప్పటికి ఆయన దూరం పంపిన సైన్యాన్ని వెనక్కి పిలిచే టైమ్ లేదు.

మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“ఆ ఫ్రోడో వెంట పోయినవాడు, వంటగిన్నెలు మోసుకుని తిరుగుతాడే... సామ్. వాళ్ల నాన్న ఏం చేసేవాడు?”

“తోటమాలి. బంగాళదుంపలు బాగా పండించేవాడు.”

“వాడి గురించి సౌరాన్‌కి ఏమైనా తెలుసా?”

“పేరు కూడా తెలియదు.”

“నా ఛార్జర్ ఎక్కడ పెట్టావ్ రా?” అంటూ లేచి ల్యాప్‌టాప్ తెరిచాడు. నల్లద్వారం దగ్గర ఆగిన చోట నుంచి కాదు, మొదటి భాగం నుంచి పెట్టాడు.